గ్లాసు ఎవరిది

కోడి వేపుడులో ఆఖరికి కరివేపాకు వేసి మూత పెడుతుంటే హాల్లోంచి ఆయన కేక వినబడింది. "మణీ, ఒకసారి ఇలా రా."

గురువారం సాయంత్రం ఆ కేక నాకు అలవాటే. ఇక్కడ మస్కట్‌లో శుక్ర, శనివారాలు సెలవు కాబట్టి గురువారం పొద్దు వాలగానే అల్ ఖువైర్‌లో మా ఫ్లాటుకి ఆయన పాత కంపెనీ స్నేహితులు ఇద్దరు వస్తారు. ఐసు కావాలనో, ఉల్లిపాయ ముక్కలు అయిపోయాయనో పిలుస్తారు. అప్పటికి నేను ఎమర్జెన్సీ వార్డులో డ్యూటీ చేసొచ్చి యూనిఫాం కూడా విప్పకుండా పొయ్యి ముందు నిలబడి ఉంటాను. వాళ్ల ముందున్న సీసా నేను తెచ్చిందే. ఇక్కడ మందు కొనాలంటే పర్మిట్ ఉండాలి. అల్ అమెరాత్‌లో ఆయన స్టోర్ చూసుకున్న కంపెనీ మూతబడ్డాక ఆయన నా వీసా మీద ఉంటున్నారు, పర్మిట్ నా పేరు మీద ఉంది. అందుకని శుక్రవారం చర్చిలో పిల్లలకి వాక్యం చెప్పే నేను, నెలకోసారి ఆ షాపులో మగాళ్ల వరసలో నిలబడి ఆయన చీటీలో రాసిచ్చిన పేర్లు చదివి సీసాలు సంచీలో సర్దుకొస్తాను. అది తప్పని ఆయనకి ఎప్పుడూ తోచలేదు. నిజం చెప్పాలంటే నాకూ తోచలేదు.

చేతులు తుడుచుకుంటూ వెళ్లాను. ఆయన ఒక చేతిలో గ్లాసు పట్టుకుని రెండో చేత్తో ఫోను నా మొహం ముందు పెట్టారు.

"చూడు, నీ కూతురి చదువు."

ఫొటోలో మా సెలిన్. పసుపు దీపాలు, తక్కువ ఎత్తు కప్పు, నల్లటి దూలాలు, వెనకాల మనుషుల గుంపు. సెలిన్ ఎర్ర సోఫాలో కూర్చుని ఉంది. చేతిలో సగం తాగిన గ్లాసు. జుట్టు చెదిరి ఉంది. భుజం మీద ఒక తెల్లపిల్ల వాలిపోయి ఉంది, ఆ పిల్ల వేసుకున్న గౌను మోకాళ్ల పైకి జరిగి ఉంది. సెలిన్ రెండో చెయ్యి ఆ పిల్ల చుట్టూ ఉంది.

స్నేహితులిద్దరూ గ్లాసులు కింద పెట్టి, వేరే పనేదో గుర్తొచ్చినట్టు లేచారు. ఫొటో పంపింది ఆయన అక్క, ఎస్తేరు వదిన. ఆవిడకి పంపింది ఆవిడ కొడుకు లెవి. లెవి లీడ్స్‌లో చదువుతున్నాడు, సెలిన్ చదివే యార్కుకి అరగంట రైలు. ఇంకో అరగంటలో ఆ ఫొటో మా తెలుగు సంఘం వాట్సాప్‌లో ఆడవాళ్ల నుంచి ఆడవాళ్లకి నడిచింది. "ప్రార్థన చేద్దాం సిస్టర్" అని నాకు నలుగురు మెసేజ్ పెట్టారు. నా బిడ్డ కబురు నాకే వాళ్ల ప్రార్థనల్లోంచి తిరిగొస్తోంది.

ఆయన ఆ పూట చాలా మాట్లాడారు. ఎముకల చదువు చదువుతానన్నప్పుడే నేను ఒప్పుకోకుండా ఉండాల్సిందట. పాత కాలం సమాధులు తవ్వి, అందులో దొరికిన ఎముకల్ని బట్టి మనుషులు ఎలా బతికారో చెప్పే చదువది. "నీ పెంపకమే అది" అన్నారు. ఎప్పుడైనా సెలిన్‌కి ఫస్టు వస్తే "మా ఇంటి రక్తం" అంటారు. ఆ రక్తం ఫొటోలోకి వచ్చేసరికి నాదైపోయింది. ఆఖరికి ఒక మాట అన్నారు. "రాత్రిళ్లు బయట తిరగడం ఎక్కడ నేర్చుకుంటుంది? ఇంట్లో చూసిందే నేర్చుకుంటుంది."

ఆ మాట నాకు కొత్త కాదు. నాకు ఇరవై మూడేళ్లప్పుడు భీమవరంలో ఒక నర్సింగ్ హోములో నైట్ డ్యూటీ చేసేదాన్ని. పెళ్లిచూపులకొచ్చిన మా అత్తగారు మా అమ్మని పక్కకి పిలిచి, "రాత్రిళ్లు బయటుండే పిల్లంటే మావాళ్లు ఏమనుకుంటారో" అంది. పెళ్లయ్యాక పొద్దున్నే ఇంటికొస్తే వీధరుగు మీద కూర్చున్న ఆడవాళ్లు నా చీర కుచ్చిళ్ల వైపు చూసేవాళ్లు. ఎన్ని రాత్రులు నేను పోయే ప్రాణాల పక్కన కూర్చున్నానో ఒక్కరూ అడగలేదు. మస్కట్ నుంచి వీసా వచ్చిన రోజున మాత్రం అదే అత్తగారు సంఘంలో లేచి నిలబడి, దేవుడు మా కోడలి చేతుల్ని ఆశీర్వదించాడని సాక్ష్యం చెప్పింది. అవే చేతులు, అవే రాత్రులు. గల్ఫు జీతం తెచ్చే రాత్రి సేవ, తేని రాత్రి తప్పు. ఇది అర్థం కావడానికి నాకు ఇన్నేళ్లు పట్టడమే వింత. అర్థమైంది కూడా ఆ గురువారం కాదు. ఆ గురువారం నేను బాత్రూంలో తలుపేసుకుని ఏడ్చాను. సెలిన్‌కి ఫోన్ చేసి, ఎత్తకముందే కట్ చేశాను. ఎత్తితే ఏమంటానో నాకే భయమేసింది.

శుక్రవారం చర్చిలో ఎవరూ ఏమీ అనలేదు. అనకపోవడంలోనే అంతా ఉంది. ఆరాధన అయ్యాక వంద మందికి ప్రేమవిందు వడ్డించాను. గరిటె నా చేతిలోంచి ఎవరూ తీసుకోలేదు.

ఆదివారం డ్యూటీలో టీ గదిలో కూర్చుని ఆ ఫొటోనే చూసుకుంటున్నాను. మా వార్డు ఇన్‌చార్జి ఖుష్నుమా వెనకనుంచి వచ్చింది. కరాచీ ఆవిడ, నాకన్నా పదేళ్లు పెద్ద, పద్దెనిమిదేళ్లుగా ఒకే వార్డులో ఉన్నాం. ఏమిటని అడిగితే చెప్పాను. నా కూతురనీ, పబ్బులో దొరికిపోయిందనీ. ఖుష్నుమా కళ్లజోడు పెట్టుకుని ఫోను తీసుకుంది. నేను ఆవిడ తిట్టేదానికి సిద్ధపడ్డాను. ఆవిడ రెండు వేళ్లతో ఫొటో పెద్దది చేసింది, సెలిన్ మొహాన్ని కాదు, పక్కనున్న పిల్ల మొహాన్ని.

"ఇస్ బచ్చీ కో క్యా హువా?" అంది. ఈ పిల్లకి ఏమైంది?

నేను వంగి చూశాను. ఆ పిల్ల మెడ వేలాడిపోయింది. కనురెప్పలు సగం మూసుకుని, తెల్లగుడ్డు కనబడుతోంది. చెయ్యి అరచేయి పైకి పెట్టి జారిపోయి ఉంది. మా వార్డుకి ఇలాంటి మనిషి స్ట్రెచర్ మీద వస్తే నేను మూడో అడుగులో పల్స్ పట్టుకుంటాను. మూడు రోజులుగా ఈ ఫొటో చూస్తున్నాను. గౌను ఎంత పైకుందో చూశాను, గ్లాసులో ఎంత మిగిలిందో చూశాను. ఒక మనిషి స్పృహలో లేదని చూడలేదు. ఇంకా చూస్తే, సెలిన్ ఆ పిల్లని ఎలా పట్టుకుందో కూడా కనబడింది. తల పక్కకి తిప్పి, గడ్డం కిందనుంచి అరచేత్తో ఎత్తి పట్టింది, ఊపిరి ఆడేలా. అది నేను నేర్పిందే. సెలిన్‌కి పన్నెండేళ్లప్పుడు మా హాల్లో తివాచీ మీద పడుకుని, "నేను పడిపోయాననుకో, ఏం చేస్తావు?" అని ఆడించేదాన్ని.

పార్కింగ్‌లో కారులో కూర్చుని ఫోన్ చేశాను. రెండో రింగుకే ఎత్తింది.

"నువ్వు చేస్తావని మూడు రోజుల్నించి చూస్తున్నానమ్మా" అంది. ఏడవలేదు. చిన్నప్పుడూ తప్పు చేయని రోజున ఏడ్చేది కాదు.

అప్పుడు చెప్పింది. ఆ పబ్బులో ఎనిమిది నెలలుగా పని చేస్తోంది, వారానికి మూడు సాయంత్రాలు. నాకు లైబ్రరీలో పనని చెప్పింది. అబద్ధం చెప్పినందుకు క్షమించమంది, పని చేసినందుకు కాదు. ఆ ఊరు చుట్టూ పాత కాలం కోటగోడ ఉందట. గోడ మీద నడుచుకుంటూ ఊరంతా చుట్టి రావచ్చట. ఏడాదికి ఎన్ని రోజులో అక్కడ అన్ని పబ్బులని చెప్పుకుంటారట. మొదటి ఏడు కొత్తలో, హాస్టల్ పిల్లలంతా రకరకాల వేషాలేసుకుని ఒక పబ్బు నుంచి ఇంకో పబ్బుకి గుంపుగా తిరిగేవాళ్లట. సెలిన్ మాత్రం గదిలో కూర్చుని నేను పంపిన పచ్చడితో అన్నం తినేదట. ఎవరితో ఏం మాట్లాడాలో తెలిసేది కాదట. మాట్లాడటం నేర్చుకుంది కౌంటర్ వెనక నిలబడ్డాకేనంది. ముసలి ప్రొఫెసర్లు, రైల్వేవాళ్లు, పరీక్ష పోయిన పిల్లలు, ప్రేమ పోయిన పిల్లలు, అందరూ అక్కడికే వస్తారట. మంగళవారం క్విజ్ పెడితే ప్రశ్నలు తనే చదువుతుందట. మూసేసే వేళకి ఆడపిల్లలు మడమల చెప్పులు చేత పట్టుకుని, రాళ్ల వీధిలో పాడుకుంటూ, ఒకళ్లనొకళ్లు ఇంటి దాకా దింపుకుంటూ పోతారట.

"ఆ గోల నాకిష్టం అమ్మా. అక్కడ నేను బావుంటాను" అంది.

బావుంటాను. ఇన్నేళ్లలో నేను ఎక్కడైనా బావుంటానని అన్నానా అని వెతుక్కున్నాను.

ఫొటో రోజు సంగతి అడిగాను. ఆ పిల్ల మొదటి ఏడు విద్యార్థిని. కౌంటర్ దగ్గరకొచ్చి ఒక పేరు చెప్పి, ఫలానా ఆవిడ ఉందా అని అడిగిందట. అలాంటి ఆవిడ ఎవరూ ఉండరు. అది గుర్తు, పక్కనున్న మనిషంటే భయంగా ఉంది, సాయం చెయ్యండని. పనివాళ్లందరికీ నేర్పుతారట. సెలిన్ కౌంటర్ వెనకనుంచి బయటికి వచ్చేసరికే ఆ పిల్ల తూలిపోతోంది. తాగింది సగం గ్లాసు. అంతలో అంత మత్తు రాదని సెలిన్‌కి అనుమానం వచ్చింది. గ్లాసు లాక్కుని, ఎవరూ పారబోయకుండా చేత్తో పట్టుకునే కూర్చుందట, అంబులెన్సు వచ్చేదాకా. ఆసుపత్రిలో అనుమానం నిజమైంది. ఎవడో అందులో మత్తుమందు కలిపాడు.

నా గుండె మీదనుంచి బండ దిగింది. "తల్లీ, ఈ మాట నాన్నకి చెప్తాను. పాస్టరు అయ్యగారికి చెప్తాను. ఆ గ్లాసు నీది కాదని అందరికీ..."

"చెప్పొద్దు" అంది.

ఎందుకన్నాను.

"ఆ రోజు డ్యూటీలో ఉన్నాను కాబట్టి తాగలేదమ్మా. డ్యూటీ లేని రోజు తాగుతాను. ఒకటి, ఎప్పుడైనా రెండు. అదీ చెప్తావా? ఆ గ్లాసు నాది కాదు కాబట్టి నేను మంచిదాన్నయితే, ఆ పిల్ల చెడ్డదవుతుంది. ఆ గ్లాసు ఆ పిల్లదే కదా."

నేను కోపంతో ఫోన్ పెట్టేశాను. తల్లిని నేను, అది తాగుతానని నాతోనే అంటోంది. నాలుగు రోజులు మాట్లాడలేదు. డ్రిప్పులు పెడుతూ, దుప్పట్లు మారుస్తూ, కూర తరుగుతూ దానితో లోపల్లోపలే వాదించాను. ఒక్కదానికి మాత్రం జవాబు దొరకలేదు. ప్రతి గురువారం నేను కడిగే గ్లాసుల గురించి ఎప్పుడూ నాకు కోపం ఎందుకు రాలేదు? అయిదో రోజు నేనే ఫోన్ చేసి, ఆ పిల్ల ఎలా ఉందని అడిగాను. కోలుకుందట, పోలీసులకి కంప్లయింటు ఇచ్చిందట. పెట్టేసే ముందు సెలిన్ ఇంకో సంగతి చెప్పింది. జనవరిలో లెవి దాన్ని అడిగాడట, ఇంట్లోవాళ్లు మనిద్దరికీ పెళ్లి అనుకుంటున్నారు కదా, నీకూ ఇష్టమేనా అని. సెలిన్ ఇష్టం లేదంది. ఫొటో తీసిన రోజు అతను స్నేహితులతో వచ్చి నాలుగు గ్లాసులు తాగాడట.

"నేనే అందించాను" అంది.

ఈస్టర్‌కి ఎస్తేరు వదిన మస్కట్ వచ్చింది, నేను తీయించిన విజిట్ వీసా మీద. రెండు రోజుల తర్వాత లెవి కూడా సెలవులకి ఊరెళ్తూ దారిలో దిగాడు. వదిన రాగానే నా చెయ్యి పట్టుకుని, తమ్ముడి పరువు తన పరువు కాదా, అందుకే ఒక ఆలోచనతో వచ్చానంది. ఫొటో ఊళ్లో కూడా నలుగురూ చూశారట. ఇక బయటి సంబంధం రావడం కష్టమట. కానీ తన కొడుకు మనసు పెద్దదట. "మనవాడు కాబట్టి కడుపులో పెట్టుకుంటాం మణీ. చదువు చాలించి పిల్లని రప్పించు. జూన్‌లో పెళ్లి ఒప్పందం చేసుకుందాం." ఆవిడ దయ చూపిస్తోంది. ఆవిడ కళ్లల్లో నిజంగానే దయ ఉంది, అదే భయంకరంగా ఉంది. ఆవిడకి అప్పుడు బిర్యానీ వడ్డిస్తున్నాను నేను. ఆయన తలూపుతూ తిన్నారు. ఇన్ని వారాల్లో ఆయన మొహం తేటపడ్డది ఆ రోజే.

ఈస్టర్ తర్వాతి శనివారం మధ్యాహ్నం మావారు సంఘం అయ్యగారిని ఇంటికి పిలిచారు, మాట ముగించడానికి. అయ్యగారు మంచాయనే, గొంతు పెంచరు. హాల్లో పెద్ద సోఫాలో అయ్యగారు, మావారు. ఎదురుగా వదిన. లెవి డైనింగ్ కుర్చీ తెచ్చుకుని కొంచెం ఎడంగా కూర్చున్నాడు. నేను టీ ఇచ్చి వంటింటి గడప దగ్గర నిలబడ్డాను. ఎవరూ కూర్చోమనలేదు. సాయంత్రం డ్యూటీ ఉంది, యూనిఫాంలోనే ఉన్నాను.

అయ్యగారు చిన్న ప్రార్థన చేసి మొదలెట్టారు. యౌవనం, శోధన, అన్యదేశం గురించి చెప్పారు. తర్వాత నా వైపు చూసి అన్నారు, "సిస్టర్, పిల్లల్ని కొట్టడానికి మేము రాలేదు. ఆ చోటికి వెళ్లడం తప్పే. కానీ తాగిందా లేదా అనేదే సంఘానికి ముఖ్యం. ఆ గ్లాసు తనది కాదని మీ అమ్మాయి ఒక్క మాట అంటే, మీరు తల్లిగా ఇక్కడ చెప్తే, నేను అందరికీ సర్దిచెప్తాను. ఈ మాట ఇక ఎవరూ ఎత్తరు."

బయటపడటానికి నాకో తలుపు తీసి పెట్టారు. నా చేతిలో నిజం ఉంది. ఒక్క వాక్యం చెప్తే చాలు. మూడు వారాలుగా నేను రాసుకుని, కొట్టేసి, మళ్లీ రాసుకున్న వాక్యమది. నోటి దాకా వచ్చింది కూడా.

అప్పుడు లెవి వైపు చూశాను. అతను తివాచీ వైపు చూస్తున్నాడు. అతనికి తెలుసు. ఆ గ్లాసు ఎవరిదో, సెలిన్ ఎందుకు పట్టుకుందో అతనికి తెలుసు. అక్కడే ఉన్నాడు. నాకన్నా ముందు అతను చెప్పాలి. ఎదురు చూశాను. వదిన కప్పు సాసరులో పెట్టింది. అతను చెప్పలేదు.

ఆ క్షణంలో సెలిన్ మాట నాకు పూర్తిగా అర్థమైంది. ఇక్కడ నిజం చెప్పడమంటే, ఈ నలుగురికీ నా బిడ్డ గ్లాసులోకి తొంగిచూసే హక్కుందని ఒప్పుకోవడం. ఈ రోజు నిర్దోషి అంటారు. రేపు ఇంకో ఫొటో వస్తే మళ్లీ ఈ హాల్లోనే, మళ్లీ ఈ గడప దగ్గరే నన్ను నిలబెడతారు. ఆ తెల్లపిల్ల తల్లి ఎక్కడుందో. ఆవిడ హాల్లో కూడా ఎవరో ఇలాగే కూర్చుని ఉంటారా?

"నా కూతురిదే అనుకోండి అయ్యగారూ" అన్నాను.

అందరూ తలెత్తారు.

"ఆ గ్లాసు నా కూతురిదే అనుకోండి. అనుకుని చెప్పండి, ఏం చేస్తారు?"

ఆ ప్రశ్నకి జవాబు తన బైబిల్లో ఏ పేజీలో వెతకాలో తెలియనట్టు అయ్యగారు చూశారు. మావారు, "మణీ, ఏం మాట్లాడుతున్నావో తెలుస్తోందా?" అన్నారు. తెలుస్తోందన్నాను. నా గొంతు నాకే వార్డులో గొంతులా వినబడింది, డాక్టరు రాకముందు కేసు చెప్పే గొంతులా. గడప దాటి వెళ్లి లెవి ముందు నిలబడ్డాను.

"ఆ ఫొటోలో ఇద్దరున్నారు. రెండో పిల్ల ఏమైందని ఇన్ని రోజుల్లో ఒక్కరూ అడగలేదు. నేనూ అడగలేదు, నర్సునై ఉండి. ఆ పిల్లకి స్పృహ లేదు బాబూ. నువ్వు రెండు గజాల దూరంలో ఉన్నావు. ఫోను తీశావు. అంబులెన్సుకి చెయ్యలేదు, ఫొటో తీశావు."

"వాడు స్నేహితులు లాక్కెళ్తే వెళ్లాడు, మగపిల్లాడు" అని వదిన అందుకుంది.

"లెవి తాగాడని నేను అనట్లేదు వదినా. తాగితే తాగాడు. నా కూతురే పోసిచ్చింది. పోసిచ్చి, పడిపోతున్న పిల్లని పట్టుకుంది. ఆ ఇద్దర్లో ఎవరు ఎవర్ని కడుపులో పెట్టుకోవాలో నాకర్థం కావట్లేదు."

ఇంకేదో కూడా అందామనుకున్నాను గానీ మిగిలినవి చిన్న మాటలుగా తోచాయి. సెలిన్ చదువు పూర్తి చేస్తుందని చెప్పాను. ఆ పబ్బులో పని ఇష్టమున్నన్నాళ్లు చేస్తుందని, పెళ్లి మాట అది ఎత్తిన రోజున వింటానని చెప్పాను. మావారు లేచి నిలబడి, "ఈ ఇంట్లో నా మాటకి విలువ లేదా?" అన్నారు. ఆ ప్రశ్నకి జవాబు చెప్పడం మొదలెడితే సాయంత్రం డ్యూటీ దాటిపోతుంది. బ్యాగు తీసుకుని, టీ కప్పులు అలాగే వదిలేసి బయల్దేరాను.

తిరిగొచ్చేసరికి టీ కప్పులు ఉన్నచోటే ఉన్నాయి, ఎండిపోయి. పొద్దున్న కూడా ఉన్నాయి. రెండో రోజు వదిన కడిగింది. నాతో మాట్లాడకుండా, గట్టిగా చప్పుడు చేస్తూ కడిగింది. నాలుగు రోజులు ముందే ప్రయాణం పెట్టుకుంది.

వాళ్లు వెళ్లే రోజు ఉదయం లెవి వంటింట్లోకి వచ్చాడు. "అత్తా, నాకు భయమేసింది. పోలీసులొస్తే నా వీసా ఏమవుతుందోనని" అన్నాడు. ఫొటో ఎందుకు పంపావని నేనడగలేదు. అతనే చెప్పాడు, సెలిన్ కాదన్నందుకు కోపంగా ఉండిందని. తర్వాత చాలా నెమ్మదిగా, "ఆ అమ్మాయి బాగానే ఉందా?" అన్నాడు.

"ఇప్పటికి అడిగావు" అన్నాను. బాగానే ఉందని చెప్పాను. ఆ పిల్ల కేసులో సాక్షుల కోసం చూస్తున్నారని, నీకు ఎవరు గుర్తున్నారో సెలిన్‌తో చెప్పమని అన్నాను. తలూపాడు. చెప్తాడో లేదో అప్పటికి నాకు తెలియదు. తర్వాత చెప్పాడు.

సంఘంలో నన్ను పిల్లల క్లాసు నుంచి తప్పించారు. కొంతకాలం విశ్రాంతి తీసుకోండి సిస్టర్ అన్నారు. పిల్లల క్లాసు వద్దన్నారు గానీ ప్రేమవిందు వంట మానమనలేదు. అది నేనే మానేశాను. మొదటి శుక్రవారం హోటల్ నుంచి తెప్పించుకున్నారని విన్నాను. గురువారం సాయంత్రాలు నేను ఖుష్నుమాతో కలిసి సముద్రం ఒడ్డున నడవడం మొదలుపెట్టాను. మావారు నెల రోజులు నాతో అవసరమైన మాటలే మాట్లాడారు. నేను ఊహించినంత కష్టంగా ఏమీ లేదు. ఒకరోజు, తనే గుడ్డు వేయించుకుంటూ, నూనె చేతి మీద చిందితే పిలిచారు. కాలిన చోట నీళ్లు పోసి మందు రాశాను. "నువ్వు మారిపోయావు మణీ" అన్నారు. కోపంగా అనలేదు. కొంచెం బెంగగా అన్నారు. చెయ్యి తడవకుండా చూసుకోమని చెప్పాను.

జూలైలో సెలిన్ పట్టా ఉత్సవం. తల్లిదండ్రులకి రెండు సీట్లు ఇస్తారు. ఆయన రానన్నారు. తను రాకపోతే నేనూ ఆగుతాననుకున్నారు. ప్రతి ఏడూ నా సెలవు నెల మా అత్తగారింట్లో, వచ్చేపోయేవాళ్లకి వండుతూ గడిచిపోయేది. ఈసారి లీవు ఫారంలో వెళ్లే ఊరి దగ్గర యార్కు అని రాశాను. ఆఫీసులో పేపర్లు చూసే అమ్మాయి, తోడు ఎవరు వస్తున్నారని అడిగింది. ఎవరూ లేరన్నాను. రెండో సీటు ఖాళీగా ఎందుకని ఆ తెల్లపిల్ల తల్లిని పిలవమన్నాను సెలిన్‌తో. ఆవిడ వస్తానందట.

వీసా చేతికొచ్చిన రోజు సెలిన్ ఫోన్లో చూపించాల్సిన చోట్లన్నీ వరసగా చెప్పింది. కోటగోడ మీద నడక, పెద్ద చర్చి, తను తవ్విన ఎముకలు దాచిన గది. అన్నీ విన్నాను.

"మీ పబ్బు చెప్పలేదేం?" అన్నాను.

"అక్కడ నువ్వేం చేస్తావమ్మా?"

"కూర్చుంటాను" అన్నాను.